కుట్టు క్లాసుకని చేర్పిస్తే మా అమ్మ బస్సు బోర్డులు చదవడం మొదలుపెట్టింది – నెల్లూరులో ఒక సాయంత్రం సెంటర్ గురించి నా రివ్యూ

మా అమ్మ ఈ సెంటర్‌కి వెళ్ళబట్టి మొన్నటికి ఐదు నెలలైంది. రేటింగ్ ఎంత అంటే ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాస్తాను. పేరు, ఏరియా ఇక్కడ పెట్టట్లేదు, నడిపే మేడమే వద్దన్నారు, ఉన్నవి నాలుగు మిషన్లు, వచ్చేవాళ్ళు పద్దెనిమిది మంది, ఇంకో పదిమంది వచ్చినా కూర్చోబెట్టడానికి చోటు లేదమ్మా అని. అయినా ఎందుకు రాస్తున్నానంటే ఇలాంటి చిన్న సెంటర్లు చాలా ఊళ్ళలో ఉన్నాయి, మీ అమ్మనో అత్తమ్మనో పిన్నినో చేర్పించే ముందు ఏం అడగాలో ఏం చూడాలో తెలిస్తే మంచిది, నాకు అప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

అమ్మకి యాభై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆది జాకెట్, అంటే కొలతకి తెచ్చే సరిపోయిన పాత జాకెట్, ఇస్తే చాలు, దాన్ని నేల మీద పరిచి, మడిచి, అరచేత్తో రెండుసార్లు సర్ది కత్తెర పెట్టేస్తుంది, కుట్టు విప్పాల్సిన పని దాదాపు ఉండదు, మా వీధిలో పెళ్ళి జాకెట్లు కూడా అమ్మ దగ్గరికే వస్తాయి. కానీ ఆది లేకుండా వచ్చిన వాళ్ళని మాత్రం ఎప్పుడూ తిప్పి పంపించేది. ఒళ్ళు కొలిచి కుట్టమ్మా అంటే నాకు రాదు తల్లీ ఆది తెచ్చుకో అనేది. కొత్త మోడళ్ళు రాక అలా అంటుందేమో అనుకున్నాను ఇన్నేళ్ళూ. అందుకే ప్రిన్సెస్ కట్, కటోరీ, బోట్ నెక్ ఇవన్నీ నేర్పిస్తారని విని నెలకి 1500 కట్టి చేర్పించాను. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా కుట్టు, ఆ తర్వాత ఒక గంట చదువు, చదువుకి డబ్బుల్లేవు, ఇష్టమైతే కూర్చోవచ్చు. ఆ చదువు గంటని నేను పట్టించుకోనే లేదు నిజానికి.

మొదటి రోజే ఇంటికొచ్చి చెప్పేసింది, "ఆడ లాంగు బుక్కు కొనుక్కోవాలంట పాపా, ఎవురి కొలతలు వాళ్ళ పేరు కింద రాయాలంట, నేను ఇంక పోను" అని. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. అమ్మకి కొలవడం రాక కాదు, కొలిచింది రాయడం రాక. పది మంది కొలతలు బుర్రలో పెట్టుకోలేదు కదా ఎవరూ, అందుకని ఆది జాకెట్టే అమ్మకి పుస్తకం. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈ సంగతి నేను గమనించలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అమ్మ బడికి వెళ్ళింది రెండో తరగతి వరకే, తర్వాత తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మానిపించారు. మాది కలిగిరి పక్కన పల్లె. అమ్మ పెళ్ళై వచ్చిన కొత్తలో, 1991 ఆ టైంలో, నెల్లూరు జిల్లా అంతా రాత్రి బళ్ళు పెట్టారు, అక్షరాస్యత ఉద్యమం అన్నమాట, జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలైతే దాని కింద మన జిల్లాకీ వచ్చింది. పొలం పని అయిపోయి వండిపెట్టి అందరూ తిన్నాక లాంతరు కింద కూర్చునేవాళ్ళంట. ఆ పుస్తకాల్లో తాగే మొగుడితో పడే ఆడమనిషి పాఠం ఒకటి ఉండేది, దాన్ని చదివి, చదవడం ఆపి, ఇది మన ఇంటి కథే కదా అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా మండలంలోనే దూబగుంటలో ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయించారు, వాళ్ళని ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ గారి పేరు అప్పుడే అందరికీ తెలిసింది, అక్కణ్ణించి ఊరూరా పాకింది, సారా వేలం పాటలు జరగనివ్వలేదు, 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా ఆపారు, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. రెండేళ్ళకే సడలించారనుకోండి, అది వేరే సంగతి. ఆ రోజుల్లోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి గ్రూపులు కూడా మన జిల్లాలో వచ్చాయి. అమ్మ వాటన్నిటిలో ఉంది. చీపురు పట్టుకుని దుకాణం ముందు కూర్చున్న వాళ్ళలో అమ్మ, మా పెద్దమ్మ ఇద్దరూ ఉన్నారు.

అక్షరం అంటే ఏంటి, చదువు అంటే ఏంటి అని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది అదే. సరిగ్గా గుణింతం కూడా రాని ఆడవాళ్ళు ఒక పాఠం చదివి ప్రభుత్వం చేత నిర్ణయం మార్పించారు.

కానీ ఆ తర్వాత ఏమైంది? రాత్రి బడి ఆగిపోయింది. ఇంట్లో చదవడానికి ఒక్క కాగితం లేదు, పేపర్ రాదు, ఉత్తరాలు రాసేవాళ్ళు లేరు, మేము పుట్టాం, పొలం, పశువులు. ఏడాదికి ఒత్తులు పోయాయి, రెండేళ్ళకి గుణింతం పోయింది, తర్వాత అక్షరాలే పోయాయి. మిగిలింది ఒకటే, సంతకం. గ్రూపులో ప్రతి నెలా పెట్టాలి కాబట్టి అది మాత్రం చేతికి గుర్తుండిపోయింది. ముత్యాల్లాంటి సంతకం, చూస్తే పదో క్లాసు పాసైన మనిషి అనుకుంటారు.

ఆ సంతకమే మా కొంప ముంచింది. 2019లో తెలిసినావిడ ఒకామె అప్పు తీసుకుంటుంటే ఒక ఫైనాన్స్ వాళ్ళు కాగితం తెచ్చి ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా సాక్షికి అన్నారు, అమ్మ పెట్టేసింది, అది సాక్షి సంతకం కాదు జామీను సంతకం. ఆమె ఊరు వదిలి వెళ్ళిపోయింది. నెలకి 2300 చొప్పున పద్దెనిమిది నెలలు మేము కట్టాం. నేను కోపంతో వెళ్ళి మా అమ్మకి చదువు రాదు మీరెలా తీసుకున్నారు అని అడిగితే, వేలిముద్ర వేసేవాళ్ళకైతే చదివి వినిపించి పక్కన ఇంకొకరితో రాయించుకుంటామండీ, ఆమె సంతకం పెట్టారు కదా, చదువుకున్నవాళ్ళ కిందే లెక్క అన్నాడు ఆ అబ్బాయి. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. అంటే వేలిముద్ర వేసి ఉంటే కనీసం ఒకసారి చదివి వినిపించేవాళ్ళు. సంతకం నేర్చుకోబట్టి ఆ కాపుదల కూడా పోయింది.

జనాభా లెక్కల్లో అక్షరాస్యులు అంటే ఏడేళ్ళు దాటి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుని చదవడం రాయడం వచ్చినవాళ్ళు అని ఉంటుంది, బడికి వెళ్ళి ఉండాల్సిన అవసరం లేదు. "అర్థం చేసుకుని" అన్న మాట అందులో ఉంది, మంచి మాటే. 2011 లెక్కల్లో మన ఉమ్మడి రాష్ట్రంలో నూటికి 67 మంది అక్షరాస్యులు అని వచ్చింది. మా ఇంటికి లెక్కలకొచ్చినాయన అమ్మ చేత ఏమీ చదివించలేదు, చదువొచ్చా అమ్మా అన్నాడు, సంతకం వచ్చునయ్యా అంది అమ్మ, రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ 67 మందిలో మా అమ్మ కూడా ఉందేమో నాకు తెలీదు. సంతకం ఒక్కటే వచ్చినవాళ్ళు ఆ లెక్కలో ఎంతమంది ఉన్నారో అని ఆ రోజు నుంచీ అనుకుంటూనే ఉన్నా.

సరే, సెంటర్ దగ్గరికి వస్తాను.

మొదటి నెల బాలేదు, ఇది ఖచ్చితంగా చెప్పాలి. చదువు గంట అప్పుడు ఒక కుర్ర టీచర్ చెప్పేవారు, ప్రైవేట్ స్కూల్లో చిన్న పిల్లలకి చెప్పిన అలవాటు, ఇక్కడా అదే. పలక, అ నుంచి మొదలు, అందరూ కలిసి గట్టిగా చదవాలి, రానివాళ్ళు నిలబడాలి. యాభై ఏళ్ళ ఆడవాళ్ళని నిలబెట్టడం ఏంటండీ. ఇళ్ళల్లో నలుగురికి చెప్పి చేయించే మనుషులు వాళ్ళు. ఋ దిద్దించారు, ౠ దిద్దించారు, ఙ, ఞ కూడా దిద్దించారు, ఆ ఙ అనే అక్షరం నేను ఉద్యోగం చేసిన పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా రాయలేదు, మా అమ్మకి దానితో ఏం పని? మూడు వారాలకి ముగ్గురు మానేశారు. అమ్మ కూడా కుట్టు అయిపోగానే ఇంటికొచ్చేసేది, అడిగితే తలనొప్పి అనేది.

ఆ తలనొప్పి నిజమే అని తర్వాత తెలిసింది. మేడం ఒకరోజు గమనించారంట, అమ్మ సూదిలో దారం ఎక్కించాల్సి వచ్చినప్పుడల్లా పక్కనున్న అమ్మాయికి ఇస్తుంది, మిషన్ సూదికి కూడా. నాకు ఫోన్ చేసి మీ అమ్మగారికి కళ్ళజోడు ఉందా అని అడిగారు. లేదు. నలభై దాటితే దగ్గరి చూపు తగ్గడం మామూలే, దూరం బాగానే కనపడుతుంది కాబట్టి మనం పట్టించుకోము. వెళ్ళి చూపిస్తే ప్లస్ రెండు వచ్చింది. ఇంట్లో కూడా దారం ఎక్కించమని నన్ను పిలిచేది, ఏళ్ళ తరబడి ఎక్కించి ఇస్తూనే ఉన్నా, నాకు తట్టలేదు. నాకు తెలిసి పెద్దవాళ్ళు చదువు క్లాసులు మానేయడానికి బుర్రకెక్కకపోవడం కంటే ఇదే పెద్ద కారణం, అక్షరం కనపడకపోతే రాదనే అనుకుంటారు వాళ్ళు, నా వయసుకి ఇంకేం వస్తుందిలే అని. కళ్ళజోడు వచ్చిన వారం నుంచే తేడా కనిపించింది.

రెండో నెల నుంచి ఆ టీచర్ వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయారు, మేడమే చదువు గంట కూడా తీసుకున్నారు, అక్కడి నుంచి ఈ సెంటర్ వేరే సెంటర్ అయిపోయింది. పలకలు తీసేశారు. మీ ఇంట్లో అర్థం కాకుండా ఉన్న కాగితాలు ఏమున్నాయో అవి పట్టుకురండి అన్నారు. కరెంటు బిల్లు, గ్యాస్ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, మందుల అట్ట, రేషన్ కార్డు, స్కూల్ ఫీజు రసీదు, ఒకామె అయితే ఆరేళ్ళ కింద కోర్టు నుంచి వచ్చిన కవరు విప్పకుండా దాచుకున్నది తెచ్చింది. రోజుకొక కాగితం. దాని మీద ఏముందో ముందు మేడం చదివి చెప్పేస్తారు, అందరూ మాట్లాడుకుంటారు, ఆ తర్వాత అందులో నుంచి ఐదారు మాటలు బోర్డు మీద రాస్తారు, "బకాయి", "గడువు", "మొత్తం", "పేరు", "తేదీ" ఇలాంటివి. ఆ మాటల్లో ఉన్న అక్షరాలే ఆ రోజు అక్షరాలు. "జామీను" అన్న మాట బోర్డు మీద రాసిన రోజు మా అమ్మ అన్నం తినలేదు. ఆ మాటని పుస్తకంలో ఒక పేజీ నిండా రాసుకొచ్చింది, ఎవరూ చెప్పకుండానే.

మందుల అట్టల మీద తెలుగు ఉండదు కదా, దానికి కూడా ఒక దారి కనుక్కున్నారు. అంకెలు అందరికీ వచ్చు, ఫోన్ వల్ల, డబ్బుల వల్ల. బడికి పోనివాళ్ళు కూడా ఇంగ్లీషు అంకెలు చదువుతారు, బస్సు నంబరు గుర్తుపడతారు, ఫోన్‌పే డబ్బులు పడ్డాయో లేదో చూసుకుంటారు. కాబట్టి గడువు తేదీ ముందుండే ఈ, ఎక్స్, పీ (EXP) అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఒక గుర్తులాగా నేర్పించి దాని పక్కనున్న నెల, సంవత్సరం చూసుకోమన్నారు. అమ్మ ఆ రాత్రి ఇంట్లో మందుల డబ్బా బోర్లించి, గడువు దాటినవి ఏడు అట్టలు తీసి పక్కన పెట్టింది. అందులో రెండు నావి. బీటెక్ చదివి నేను చూసుకోనివి.

కుట్టు సంగతి చెప్పలేదు కదా. చెప్పే పద్ధతి చాలా బాగుంటుంది. కాగితం మీద డ్రాఫ్టింగ్ ముందు, తర్వాత పాత చీర గుడ్డ మీద, ఆ తర్వాతే కొత్త గుడ్డ. చెస్ట్ 36 అయితే నాలుగో వంతు 9, దానికి కుట్టుకి ఇంచిన్నర కలిపి పదిన్నర, డాట్లు ఎక్కడ పడాలి, చంక దగ్గర ఎంత లోతు తీయాలి, అన్నీ లెక్కే. ఇక్కడ ఒక సంఘటన రాయాలి. అమ్మ పక్కన కూర్చునే అమ్మాయి ఇంటర్ పాస్, మంచి మార్కులే. చెస్ట్ 37 వచ్చింది ఒకరిది. ఆ అమ్మాయి నాలుగో వంతు కోసం ఫోన్ తీసింది, 9.25 అని వచ్చింది, ఇప్పుడు ఆ పాయింట్ టూ ఫైవ్ టేపు మీద ఎక్కడుందో తెలీక కూర్చుంది. అమ్మ టేపుని 37 దగ్గర పట్టుకుని సగానికి మడిచింది, ఇంకోసారి సగానికి మడిచింది, వచ్చిన చోట గోరుతో నొక్కి "తొమ్మిదింపావు" అంది. ఆ అమ్మాయి కాసేపు టేపునే చూసి, "ఆంటీ, ఇవి ఫ్రాక్షన్సే కదా, ఐదో క్లాసులో రొట్టెముక్క బొమ్మేసి చెప్పారు, అప్పుడు నాకు అర్థం కాలేదు" అంది. మేడం అదే రోజు ఇద్దరినీ జత వేశారు. అమ్మ ఆ అమ్మాయికి పావు, అర, ముప్పావు చేత్తో చూపిస్తుంది, ఆ అమ్మాయి అమ్మకి ఒత్తులు రాయడం చూపిస్తుంది. ఆ జతలు ఈ సెంటర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం, ఫీజు మొత్తం దీనికే కట్టానని అనుకున్నా నాకు బాధ లేదు.

అయితే ఇది చదివి ఎవరైనా చూశారా బడి చదువు దండగ, చేతి పని ఉంటే చాలు అని అనుకుంటే నేను ఒప్పుకోను. ఫోన్‌లో రోజూ వస్తుంటాయి అలాంటి మెసేజ్‌లు, చదువుకోని ఫలానా ఆయన కోట్లు సంపాదించాడు, డిగ్రీ ఉన్నవాడు అతని దగ్గర పనిచేస్తున్నాడు అని. మా అమ్మకి చేతి పని లేకనా 2300 చొప్పున కట్టింది? వీధిలో అందరికంటే మంచి పని వచ్చు. ఆ పని మీద బతుకుతూ కూడా కాగితం ముందుకొచ్చేసరికి భయపడింది, ముప్పై ఏళ్ళు. రెండో తరగతిలో మానిపించకుండా ఉంటే ఆ భయం ఉండేది కాదు. ఆ ఇంటర్ అమ్మాయి ఒత్తులు నేర్పించగలిగింది కూడా బడికి వెళ్ళబట్టే కదా. నాకు కోపం బడి మీద కాదు. ఐదో క్లాసులో రొట్టెముక్క బొమ్మ వేసినప్పుడు ఆ క్లాసులో ఒక్క టేపు ఉంటే సరిపోయేది, ఆ పిల్లకి అప్పుడే వచ్చేసేది. అలాగే 1991లో లాంతరు కింద నేర్పిన అక్షరాలకి ఆ తర్వాత నెలకొక చిన్న పుస్తకమన్నా ఇంటికి వచ్చి ఉంటే అవి ఎగిరిపోయేవి కావు. నేర్పడం వరకే చేసి, వాడుకునే దారి చూపించకపోవడం రెండు చోట్లా జరిగింది.

ఈసారి అమ్మకి అక్షరాలు ఎందుకు నిలబడ్డాయంటే రోజూ వాడుతోంది కాబట్టి. ఆ లాంగ్ బుక్‌లో ఇప్పుడు నలభైకి పైగా పేర్లు ఉన్నాయి. పేరు, కింద పొడవు, చెస్ట్, నడుము, షోల్డర్, చేతి పొడవు, మెడ ముందు, మెడ వెనక. "షోల్డర్" అని రాయడం కష్టమని "బుజం" అని రాసుకుంటుంది, బకి కింద ఒత్తు పెట్టాలమ్మా అంటే "నాకు తెలిస్తే చాల్లే" అంటుంది, మేడం కూడా దిద్దలేదు, నాకది బాగా నచ్చింది. ఒకే పేరున్న ముగ్గురికి ఇంటి గుర్తులు రాసుకుంది, మేడ ఇంటి రమణమ్మ, పాల రమణమ్మ, టీచర్ రమణమ్మ. ఆది లేకుండా వచ్చినవాళ్ళని ఇప్పుడు వెనక్కి పంపట్లేదు, లైనింగ్ జాకెట్లు నెలకి పదో పన్నెండో ఎక్కువ వస్తున్నాయి, ఫీజు డబ్బులు మూడో నెలకే తిరిగొచ్చేశాయి.

బస్సు బోర్డుల సంగతి టైటిల్‌లో పెట్టి చెప్పకుండా ఉంటే బాగోదు. దసరాకి ఊరికెళ్దామని నెల్లూరు బస్టాండ్‌లో నిలబడ్డాం. అమ్మ ఎప్పుడూ కండక్టర్ అరుపు విని ఎక్కేది, లేకపోతే పక్కవాళ్ళని అడిగేది. ఆ రోజు ఎదురుగా వచ్చిన బస్సు బోర్డు చూసి మెల్లగా "క... లి... గి... రి" అంది. నేను ఫోన్‌లో ఉన్నా, తల ఎత్తేసరికి పక్కన ఇంకో బస్సు చూస్తోంది, "ఉ... ద... య..." అని ఆగి, గబుక్కున "గిరి! దీన్లో కూడా గిరి ఉండాది పాపా, మన కలిగిరిలో గిరే" అని నా చెయ్యి పట్టుకుంది. తర్వాత వెంకటగిరి బస్సు కోసం చుట్టూ వెతికింది. కావలి బస్సుని మాత్రం మొదట కలిగిరి అనే అనుకుందంట, రెండింటికీ మొదట క, తర్వాత ఎక్కడో లి, అందుకని ఇన్నేళ్ళలో ఒకసారి అలా ఆకారం చూసి ఎక్కి కావలి పోయి తిరిగొచ్చిన రోజు ఉందంట, అది కూడా ఆ రోజే చెప్పింది, ఎవరికీ చెప్పలేదంట అప్పట్లో. మా బస్సు వచ్చినా ఎక్కకుండా ఇంకో పావుగంట అక్కడే నిలబడ్డాం.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు. మిషన్లు చాలవు, నాలుగింటికి పద్దెనిమిది మంది అంటే గంటన్నరలో మీ వంతుకి ఇరవై నిమిషాలు వస్తే ఎక్కువ, అందులో ఒక మిషన్ బాబిన్ ఎప్పుడూ తంటాలే. గుడ్డ అంచు దారాలు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ లేదు. సెంటర్ రెండో అంతస్తులో ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి మెట్లు కష్టం, వచ్చేదేమో ఎక్కువగా ఆ వయసు వాళ్ళే. చదువు గంటకి ట్యూబ్‌లైట్ ఒక్కటే, నేను మేడంకి చెప్పాను, ఇంకోటి వేయిస్తామన్నారు, ఇంకా వేయించలేదు. పెద్ద అక్షరాల పుస్తకాలు అసలు లేవు, పిల్లల బొమ్మల కథలు తెచ్చి పెట్టారు, అందులో కుందేలు, తాబేలు, అవి ఈ వయసు వాళ్ళకి ఇవ్వడం నాకు నచ్చలేదు, వంటల గురించో, భూమి కాగితాల గురించో, దేవుడి కథలో పెద్ద అచ్చులో ఉంటే చాలామంది ఇంటికి తీసుకెళ్తారు. చంటి పిల్లలున్న వాళ్ళకి పిల్లల్ని ఎక్కడ పెట్టాలో తెలీక రెండు రోజులు వచ్చి మానేస్తున్నారు, దీనికేదైనా చేయాలి.

సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగే వాళ్ళకి, కుట్టుకి సెంటర్ వాళ్ళ కాగితం ఒకటి ఇస్తారు, దాంతో ఎక్కడా ఉద్యోగం రాదు, ఆ మాట మేడమే ముందే చెప్తారు. చదువుకి కావాలంటే కేంద్ర ప్రభుత్వం ఉల్లాస్ అని పదిహేనేళ్ళు దాటిన వాళ్ళ కోసం నడుపుతున్న కార్యక్రమం ఉంది, అందులో పరీక్ష 150 మార్కులకి ఉంటుంది, చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకి 50, పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. ఈ బ్యాచ్‌లో నలుగురు రాస్తామంటున్నారు. ఇంకొకామె ఓపెన్ టెన్త్‌కి కట్టింది, పద్నాలుగేళ్ళు నిండితే చాలు పైన వయసు పరిమితి లేదు, ఆమె పనిచేసే చోట టెన్త్ ఉంటే జీతం పెంచుతామన్నారంట, అలాంటి వాళ్ళకి సర్టిఫికెట్ కూడా కావాలి, నేర్చుకుంటే చాలు కాగితం ఎందుకు అని మనం పక్కన కూర్చుని చెప్పకూడదు. అమ్మని అడిగితే పరీక్ష వద్దంది. నాకు ఎవురికీ చూపించే పనిలేదు అంది. సరే అన్నా.

దీనికి ముందు నేను ఇంకో చోట కూడా కనుక్కున్నాను, ఏసీ హాలు, ఫ్యాషన్ డిజైనింగ్ డిప్లొమా అని ఆరు నెలలకి 28,000 చెప్పారు, కనీసం టెన్త్ ఉండాలన్నారు. మా అమ్మ ఇరవై ఏళ్ళుగా కుడుతోందండీ అంటే, సర్టిఫికెట్ లేకపోతే సిస్టమ్‌లో ఎంటర్ చేయలేమన్నారు. పేరు రాయట్లేదు. టెన్త్ పాసై, షోరూముల్లో పనికి వెళ్ళాలనుకునే పిల్లలకి అది పనికొస్తుందేమో, మా అమ్మలాంటి వాళ్ళకి ఆ తలుపు లేదు.

మీ ఊళ్ళో ఇలాంటి సెంటర్ చూస్తే ఫీజు అడిగే ముందు ఒకరోజు చదువు గంటలో వెనక కూర్చుని చూడండి. బోర్డు మీద అ ఆ ఇ ఈ ఉంటే ఆలోచించుకోండి, వాళ్ళ కాగితాల్లో మాటలు ఉంటే చేర్పించేయండి. చెప్పేవాళ్ళు అమ్మ, అక్క, అత్త అని పిలుస్తున్నారా, పేరు పెట్టి నిలబెడుతున్నారా చూడండి. కళ్ళజోడు ముందే చేయించండి, వెయ్యి రూపాయలలోపే అయిపోతుంది. ఇంట్లో రోజూ రాసే పని ఒకటి వాళ్ళకే అప్పజెప్పండి, పాల లెక్కో, సరుకుల చీటీనో, మనం ఫోన్‌లో రాసేసుకోవడం తొందరగా అవుతుంది నిజమే, కానీ వాళ్ళ చేత రాయించండి. మా ఇంట్లో ఇప్పుడు సరుకుల చీటీ అమ్మే రాస్తుంది, మొదటిసారి "కందిపప్పు"లో ఒత్తు పోయి "కందిపపు" అయింది, షాపతను ఏమీ అనకుండా కిలో కట్టి ఇచ్చాడు.

కొత్త బ్యాచ్ సంక్రాంతి తర్వాత మొదలవుతుందంట. మేడం అమ్మని సాయంగా రమ్మన్నారు, కొత్తవాళ్ళకి టేపు మడతలు చూపించడానికి. ఎంత ఇస్తారో ఇంకా మాట్లాడుకోలేదు. అమ్మ మాత్రం ఇస్తే ఒక కాగితం మీద రాసివ్వమని చెప్పిందంట, చదువుకుని సంతకం పెడతానని.